నీలకంఠం: బ్యారేజీ మీదికి వచ్చిన రొయ్య (నిర్మాణ డైరీ)

ఫిబ్రవరి, మొదటి వారం

తీయబోయేది ఇరవై నిమిషాల నలుపు తెలుపు సినిమా. తరహా 1950ల నాటి చవక రాక్షస చిత్రాలది. ఆకాశం నుంచి ఏదో పడుతుంది, ఒక జీవి అమాంతం పెరుగుతుంది, కళ్లజోడు శాస్త్రవేత్త అందరికంటే ముందు ప్రమాదం పసిగడతాడు, ఆయన మాట ఎవరూ నమ్మరు. మా జీవి రొయ్య. ఊరు విజయవాడ. సంవత్సరం 1957, ప్రకాశం బ్యారేజీ పూర్తయిన ఏడు. పెట్టుబడి యాభై వేలు. సరంజామా అంటే ఒక ఫోను, ఒక ట్రైపాడ్, కృష్ణలంకలో మా డాబా.

రొయ్య అనగానే విన్నవారంతా నవ్వారు. వారి నవ్వుతో నాకు పేచీ లేదు. సినిమా లోపల మాత్రం ఒక్కరూ నవ్వరు. 1953 నాటి అమెరికన్ చిత్రం ‘రోబోట్ మాన్‌స్టర్’ చూసినవారికి నా పట్టుదల అర్థమవుతుంది. రోబో తొడుగు చేయించే డబ్బు దర్శకుడు ఫిల్ టక్కర్ దగ్గర లేదు. సొంత గొరిల్లా తొడుగు ఉన్న జార్జ్ బారోస్ అనే నటుణ్ని పిలిచి, తలమీద సముద్రంలో మునిగేవారి శిరస్త్రాణం బోర్లించి, గ్రహాంతర శత్రువు అన్నాడు. నాలుగు రోజుల్లో సినిమా తీసేశారు. మనుషుల్ని చంపమన్న ఆజ్ఞకూ తన మనసుకూ మధ్య నలిగిపోయి ఆ గొరిల్లా ఒంటరిగా వాపోతుంది. చూస్తే నవ్వు ఆగదు, కానీ తీసినవారు నవ్వుతూ తీయలేదు. ఆ సినిమా ఇంతకాలం బతికింది అందుకేనని నా నమ్మకం. ఇప్పటి అనుకరణల్లో దర్శకుడే ముందు కన్ను గీటి, ‘ఎంత నాసిగా తీశానో చూశారా’ అంటాడు. ఇక ప్రేక్షకుడికి మిగిలిన పని ఏమిటి?

కాబట్టి స్క్రిప్టులో వేపుడు, ఇగురు, పులావు అనే మాటలు నిషేధం. తొడుగులోకి వెళ్లేది మా బావమరిది. “ఒక్కచోట బావా, ఒకే ఒక్కచోట” అని బతిమాలాడు. కుదరదన్నాను.

ఫిబ్రవరి, మూడో వారం

కథ కుదిరింది. కుదిర్చినది కల్పన కన్నా కృష్ణా నది చరిత్రే అనాలి.

మన నదుల్లో పెరిగే పెద్ద మంచినీటి రొయ్యను నీలకంఠ రొయ్య అంటాం. ఎదిగిన మగదానికి పట్టకారులాంటి నీలి రంగు గిట్టలుంటాయి, ఒంటికన్నా పొడవు. ఇది బతికేది మంచినీటిలో, కానీ పిల్లలు బతకాలంటే కాస్త ఉప్పదనం కావాలి. అందుకని తల్లి గుడ్లతో సముద్రం వైపు దిగుతుంది. పిల్లలు కొంచెం ఎదిగాక ఏటికి ఎదురీది పైకి వస్తాయి. దారిలో అడ్డుకట్ట ఉంటే అక్కడే ఆగిపోతాయి.

ఇక్కడ మా మేనకోడలు అడ్డుపడింది. సివిల్ ఇంజనీరింగ్ చదువుతోంది, ఊరుకోదు. “ఆనకట్ట 1855 నుంచే ఉంది కదా మామయ్యా, 1957లో కొత్తగా కోపం రావడమేమిటి?” మంచి ప్రశ్న. జవాబు కూడా చరిత్రలోనే ఉంది. ఆ పాత ఆనకట్ట 1952లో తెగింది. కొత్త బ్యారేజీ పని 1954లో మొదలైంది. మా కథలో తల్లి రొయ్య ఆ గండిలోంచి పైకి వెళ్లింది, వయసు వచ్చాక గుడ్లతో నది సముద్రంలో కలిసే హంసలదీవి దాకా దిగింది. అక్కడ ఉల్క పడింది. పిల్ల రొయ్య తల్లి వచ్చిన దారినే వెతుక్కుంటూ వస్తే దారిలో 70 గేట్లు.

రొయ్య పెరగాలంటే పైపెంకు విడవాలి, విడిచిన ప్రతిసారీ ఒంట్లో నీరు నింపుకుని పెద్దదవుతుంది. మా పిల్లకు ఆ విడవడం ఆగలేదు. శాస్త్రం ఇంతవరకే. ఒళ్లు అంత పెరిగితే బరువు పొడవు ఘనానికి తగ్గట్టు పెరుగుతుందనీ (పొడవు రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లు), ఆ సన్నకాళ్లు పుటుక్కుమంటాయనీ తెలుసు. ఈ రకం సినిమాల్లో ఆ ప్రశ్న అడిగేంత తీరిక ఎవరికీ ఉండదు.

శాస్త్రవేత్త వేషం మా ఇంటి పక్క విశ్రాంత అధ్యాపకులు మాస్టారు గారిది. ఆయనకు రాసిన ప్రధాన సంభాషణ: “అది దారి అడుగుతోంది, సూపరింటెండెంటు గారూ.” మొదటిసారి చదివినప్పుడే గొంతు వణికించారు. నటించవద్దని చెప్పాలనుకుని మానేశాను. వణకనివ్వాలి.

మార్చి, మొదటి పక్షం

బ్యారేజీ కొలతలు. పొడవు 1223.5 మీటర్లు. 1954 నాటి ‘గాడ్జిల్లా’కు టోక్యోను 25వ వంతు కొలతలో కట్టారు, 50 మీటర్ల రాక్షసుడు అనుకుంటే తొడుగులోని మనిషి రెండు మీటర్లు. మేమూ అదే కొలత పట్టుకున్నాం. 25తో భాగించినా బ్యారేజీ 49 మీటర్లు తేలింది. మా వీధే అంత లేదు. అందుకని ఐదు గేట్లు. ఒక్కో గేటు వెడల్పు 40 అడుగులు కాబట్టి నమూనాలో 19 అంగుళాల చిల్లర. స్తంభాలతో కలిపి దాదాపు పది అడుగుల ముక్క. పిట్టగోడకూ నీళ్ల ట్యాంకుకూ మధ్య పట్టింది. మిగతా గేట్లు వెనక అట్టమీద గీసినవి, దూరం పోయేకొద్దీ చిన్నవవుతూ. కెమెరా ఒకే చోట ఉన్నంతసేపు కంటికి తేడా తెలియదు. ఒక అడుగు పక్కకు జరిగితే గుట్టు రట్టు. కాబట్టి సినిమా అంతా కెమెరా కదలదు. చవక సినిమాలకు ఆ గంభీరత ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు తెలుస్తోంది.

స్తంభాలు థర్మాకోల్ మీద సిమెంటు పూత. విరగవలసిన ఒక్క స్తంభం మాత్రం ప్లాస్టర్ ఆఫ్ పారిస్, రంపపు పొట్టు కలిపి పోసినది. పొట్టు లేకపోతే ప్లాస్టర్ పెద్ద పలకలుగా విడిపోయి బొమ్మ అని చెప్పేస్తుంది. పొట్టు ఉంటే పెళ్లలుగా రాలి, వెనక దుమ్ము లేస్తుంది.

గేట్లకు కౌంటర్‌వెయిట్లు, అంటే గేటు తేలిగ్గా లేచేందుకు రెండో వైపు వేలాడే బరువులు, మేనకోడలి పట్టుదల. కప్పీలు, దారం, సీసపు గుళ్లు. గేటు నిజంగానే పైకి లేస్తుంది. కెమెరాకు అది కనిపించేది రెండు క్షణాలు. వద్దని ఎలా చెప్పను?

ఒక విషయం ముందే తేల్చుకున్నాం. రొయ్య గేటు విరిచాక ఊరు మునగడం సినిమాలో ఉండదు. 2024 సెప్టెంబరులో కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడు పడవలు కొట్టుకొచ్చి నిజమైన కౌంటర్‌వెయిట్లనే దెబ్బతీశాయి. ఇక్కడ వరదను సరదాకు చూపించేంత దూరం ఇంకా రాలేదు.

మార్చి, చివరి వారం. కొండపల్లి

తల దేనితో చేయాలన్నది పెద్ద చిక్కు. ఫైబర్ గ్లాసు ఖరీదు. కాగితపు గుజ్జు బరువు, ఆరడానికి రోజులు. చివరికి కొండపల్లి వెళ్లాం. అక్కడి బొమ్మలు తెల్ల పొణికి చెక్కతో చేస్తారు, అది చేతిలో ఉన్నట్టే తెలియనంత తేలిక. విడి భాగాలను అతికేదీ, ముక్కు చెవులు తీర్చేదీ మక్కుతో. చింతగింజల పొడి ఉడికించిన జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్ద అది. ఆరిందంటే గోరు దిగదు.

మేము మాట్లాడిన కళాకారిణికి మా గీతల కాగితం చూపించాను. కాసేపు తిప్పి తిప్పి చూసి, “మీసాలు ఎక్కడ నుంచి మొదలవుతాయి బాబూ? కంటి కింద నుంచా, కొమ్ము పక్క నుంచా?” అన్నారు. అంతే. ఎందుకు, ఏమిటి అని అడగలేదు, నవ్వలేదు. పని తెలిసినవారు అడిగే ప్రశ్న అలా ఉంటుంది. మక్కు తడికి మెత్తబడుతుంది కాబట్టి సుద్ద పూత మీద ఎనామిల్ రెండుసార్లు వేయాలని, కీళ్ల దగ్గర ముద్ద పలచగా ఉండాలని చెప్పారు. వెదురు బుట్ట చట్రంగా, పైన గుడ్డ, దాని మీద మక్కు. తలమీద రంపపు పళ్ల కొమ్ము మాత్రం అచ్చంగా పొణికి చెక్క.

వస్తూ వస్తూ ఎడ్లబండి బొమ్మ కొన్నాం. ఎద్దుల మూతి నుంచి బండి వెనక దాకా పది అంగుళాలు, అంటే మా కొలతకు చక్కగా సరిపోయేది. బ్యారేజీ మీద రొయ్య ఎత్తేది దీన్నే. బండివాడు దూకి పారిపోయే షాటు ముందే ఉంది కనుక ఎవరూ చావరు.

ఏప్రిల్, మొదటి వారం. తొడుగు

పెంకు పలకలు ఫోమ్ షీట్లతో కోశాం, రబ్బరు జిగురుతో అతికాం. డాబా మీద మధ్యాహ్నం ఎండకు జిగురు ఊడింది. విజయవాడ ఏప్రిల్‌ను ఏ జిగురు తయారీదారూ లెక్కలోకి తీసుకున్నట్టు లేదు. పలకలన్నీ ఆటోనగర్‌లో లారీ సీట్లు కుట్టే మేస్త్రి గారి దగ్గరికి పట్టుకెళ్లాం. రెక్సిన్ అంచు వేసి, లారీ సీటుకు వేసే దారంతోనే కుట్టారు. పలక మీద పలక జారేలా, వంగితే తెరుచుకుని నిలబడితే మూసుకునేలా. “సీటైనా రొయ్యైనా, కూర్చునేవాడి ఒళ్లు చూసి కుట్టాలండీ” అని బావమరిదిని వంగోబెట్టి మరీ కొలతలు తీసుకున్నారు.

పెద్ద గిట్టలు నాలుగడుగుల వెదురు. చేతిలో సైకిలు బ్రేకు పిడి, అక్కడి నుంచి తీగ చివరిదాకా. నొక్కితే గిట్ట మూసుకుంటుంది. పొట్ట దగ్గరి మూడు జతల నడక కాళ్లను గాలపు దారంతో గిట్టలకు ముడివేశాం. చేతులు ఊపితే అవీ ఊగుతాయి. మీసాలు గాలపు కర్రల చివరలు. నడుము కింద మనిషి కాళ్లు దాచే దారి లేదు కనుక నడుము కింద చూపించను. బ్యారేజీ గోడ ఉన్నదే అందుకు.

మొత్తం బరువు 13 కిలోలు. హరువో నకజిమా తొడుక్కున్న తొలి గాడ్జిల్లా తొడుగు 100 కిలోల దాకా ఉండేదట. దానితో పోలిస్తే మావాడిది పట్టు పంచె. అయినా ఈ ఎండల్లో లోపల పది నిమిషాలకు మించి ఉంచడం లేదు. ఉదయం ఆరింటికి మొదలు, ఎనిమిదికి ఆపు. మధ్యలో మజ్జిగ, బ్యాటరీ ఫ్యాను.

ఏప్రిల్, రెండో వారం. రంగు

గిట్టలకు నీలం వేస్తుంటే మేనకోడలు అడిగింది, నలుపు తెలుపు సినిమాకు నీలం ఎందుకని. మొదట ‘నీలకంఠానికి నీలమే ఉండాలి’ అనే మొండితనమే. తరువాత పరీక్షిస్తే అసలు లాభం బయటపడింది. రంగు దృశ్యాన్ని నలుపు తెలుపులోకి మార్చేటప్పుడు ఎరుపు భాగానికి బలం ఎక్కువిస్తే నీలం నల్లబడుతుంది. ఆకాశం కూడా. పట్టపగలు తీసిన షాటుకు వెలుతురు తగ్గించి ఈ పని చేస్తే వెన్నెల రాత్రి అయిపోతుంది. పాతకాలం వాళ్లు ఎర్ర ఫిల్టరు బిగించి చేసింది ఇదే. రాత్రి లైట్ల అద్దె మిగిలేది.

నల్లటి ఆకాశం మీద నల్లటి గిట్టలు కలిసిపోకూడదు కదా. ఎనామిల్ మెరుపు కాపాడింది. సూర్యుడు వెనక నుంచి ఉంటే గిట్ట అంచున తెల్లటి గీత వస్తుంది. కొండపల్లిలో రెండు పూతలు వేయమన్నది తడి కోసం. అది వెలుగుకూ పనికొచ్చింది.

ఏప్రిల్, మూడో వారం. వేగం

మామూలు వేగంతో తీసిన మొదటి షాట్లలో రొయ్య బరువు లేకుండా ఎగిరింది. దీనికి లెక్క ఉంది. ఒక అడుగు ఎత్తు నుంచి పడే పెళ్లకు పావు సెకను పడుతుంది. నిజమైన బ్యారేజీలో అది 25 అడుగులు. అక్కడ సెకనుంపావు పడుతుంది. అంటే ఐదు రెట్లు. 25కు వర్గమూలం 5. సెకనుకు 24 ఫ్రేములకు బదులు 120 తీసి, 24తో నడిపిస్తే పెళ్ల సరైన తీరున పడుతుంది. ఫోను 120 తేలిగ్గా తీస్తుంది. వేగం పెరిగితే వెలుతురు ఎక్కువ కావాలి. ఏప్రిల్‌లో విజయవాడ వాడికి వెలుతురుకు కొదవేమిటి?

నటనకు మాత్రం ఇబ్బందే. పది సెకన్లు తెరమీద కావాలంటే డాబా మీద రెండే సెకన్లు. ఆ రెండు సెకన్లలో బావమరిది చూడాలి, గుర్తుపట్టాలి, గిట్ట ఎత్తాలి. అతడు కబడ్డీ ఆడినవాడు. కూతకు వెళ్లినట్టు ఊపిరి బిగించి చేశాడు. తెరమీద చూస్తే ఆ రొయ్య గేటు ముందు నిలబడి ఏదో ఆలోచిస్తున్నట్టే ఉంది. ఈ ఒక్క షాటు కోసం మిగతాదంతా పారేసినా బాధ లేదు.

ఏప్రిల్, చివరి వారం. అరుపు

గాడ్జిల్లా అరుపు జంతువుది కాదు. సంగీతకర్త అకిరా ఇఫుకుబే డబుల్ బేస్ తంతులు వదులు చేయించి, బంక పూసిన తోలు తొడుగుతో వాటిని రాపాడించి పుట్టించాడు. మా దగ్గర డబుల్ బేస్ లేదు. ఉత్తరాంధ్ర జముకు గుర్తొచ్చింది: ఒక వైపు తోలు, తోలు మధ్య నుంచి తంతి, బిగువు మార్చుతూ మీటితే ఏడ్చినట్టు మోగుతుంది. దాన్ని మీటకుండా రాస్తే? నూనె డబ్బాకు తోలు బిగించి, మధ్యలో తంతి దూర్చి, వయొలిన్ కమానుకు రాసే రోజిన్ గుడ్డకు పట్టించి తంతి వెంట లాగాం. మొదట తలుపు కిర్రుమన్నట్టుంది. రికార్డింగును సగం వేగానికి తగ్గించేసరికి కింద వాటాలోంచి మా అత్తగారు పైకి వచ్చి ఏమయిందని అడిగారు. అది చాలు.

అరుపులు రెండే వాడతాను. మొదటిది గేటు చూసినప్పుడు. రెండోది విరిగిన గేటు దాటి పైకి వెళ్లేటప్పుడు, నెమ్మదిగా. మిగతా అంతా నీళ్ల చప్పుడు.

మే, మొదటి వారం. నీళ్లు

నీళ్లు కొలతకు లొంగవు. బ్యారేజీని 25వ వంతు చేయవచ్చు, నీటి బొట్టును చేయలేం. నమూనా మీద పడే బొట్టు తెరమీద ఫుట్‌బాల్ అంత కనిపిస్తుంది. గాడ్జిల్లా ట్రిక్ దృశ్యాలు తీసిన త్సుబురాయా దగ్గర నుంచి అందరినీ ఏడిపించినది ఇదే. కొంచెం సబ్బు కలిపితే నీటి పైపొర బిగువు తగ్గి బొట్లు సన్నబడతాయి, కానీ నురుగు వస్తుంది. గేటు కింద నురుగు సహజమే కాబట్టి అక్కడ సరిపోయింది. మిగతా చోట మందుకొట్టే పిచికారీ పంపు, సన్నటి నాజిల్, వెనక నుంచి ఎండ. ఆ తుంపర మధ్యలోంచి రొయ్య తల లేస్తుంది. కింద రెండు ప్లాస్టిక్ తొట్లలో నీళ్లు పట్టి మళ్లీ మళ్లీ అవే వాడాం.

గేటు విరిగే షాటుకు ప్లాస్టర్ స్తంభం ఒక్కటే. రెండోది పోయడానికి బద్ధకం కాదు, డబ్బులు లేవు. మేనకోడలు దారం లాగింది, సీసపు గుళ్లు దిగాయి, గిట్ట తగిలింది, స్తంభం నడుము దగ్గర పెళ్లలుగా రాలింది. ఎడమ గిట్ట కూడా విరిగింది, అది స్క్రిప్టులో లేదు. నిజం రొయ్యకు గిట్ట ఊడినా పెంకు విడిచినప్పుడు మళ్లీ మొలుస్తుంది కాబట్టి ఆ ముక్క ఉంచేస్తున్నాం. మాస్టారు గారికి దాని మీద ఒక వాక్యం రాయాలి.

మే, మూడో వారం

మనుషుల భాగం సీతానగరం వైపు ఒడ్డున ఒకే ఉదయం ముగిసింది. వెనక అసలు బ్యారేజీ, ముందు పంచె, కోటు, గొడుగు. కార్లు, సెల్ టవర్లు తగలకుండా కెమెరా నేలకు దగ్గరగా పెట్టాం. నడిచేవారు ఆగి చూశారు. ఒక పెద్దాయన ఏ సినిమా అని అడిగి, కథ అంతా విని, “పాపం, దాన్ని వెళ్లనివ్వండి” అన్నారు. ఆ మాట సినిమాలో లేదు. ఉంటే బాగుండేదా అని రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. మాస్టారు గారు ‘దారి అడుగుతోంది’ అన్నాక ఇంకొకరు ‘పాపం’ అంటే జాలి రెట్టింపవుతుందో, పలచబడుతుందో. ప్రస్తుతానికి వేయడం లేదు.

జూన్, మొదటి వారం

కూర్పు 24 నిమిషాలకు వచ్చింది. నాలుగు నిమిషాలు పోవాలి. బావమరిది ఓటు శాస్త్రవేత్త ఉపన్యాసం కోయమని. నల్లబల్ల మీద సుద్దముక్కతో రొయ్య గీసి, హంసలదీవి నుంచి బాణం గుర్తు లాగే మూడు నిమిషాల ఉపన్యాసం అది. నేను కోయను. ఈ తరహా సినిమాకు నల్లబల్ల ఆయువుపట్టు. అది తీసేస్తే మిగిలేది తొడుగు వేసుకున్న మనిషి. పోవలసినది గవర్నరుపేటలో జనం పరుగెత్తే భాగం. ఎనిమిది మందిని ఎన్ని కోణాల్లో తీసినా ఎనిమిది మందిలాగే ఉన్నారు.

మిగిలిన పనులు: మాస్టారు గారి డబ్బింగ్, గిట్ట గురించిన కొత్త వాక్యంతో సహా. పేర్ల పలకలు చేత్తో రాయించాలి, గాంధీనగర్‌లో పాత పోస్టర్ల అక్షరాలు రాసిన పెద్దాయన ఒప్పుకున్నారు. ఎడ్లబండి గాల్లోకి లేచే షాటులో గాలపు దారం కనిపిస్తోంది. కంప్యూటర్లో చెరిపేయడం పది నిమిషాల పని అని మేనకోడలు అంటోంది. ఉంచుదామని నేను. 1957లో అయితే దారానికి మసి పూసి ఊరుకునేవారు. రేపు ఉదయం మసి పూసి ఆ షాటు మళ్లీ తీస్తున్నాం.